మందుకు కాపలా గీతలు

పిల్లలూ, బిస్కెట్టు పొట్లం మీద సన్నవీ లావువీ నల్లటి గీతలు చూసే ఉంటారు. కొట్టువాడు వాటి మీద ఎర్రటి వెలుగు పడేలా చేస్తే యంత్రం ఠక్కున ధర చెప్పేస్తుంది. వాటి పేరు బార్‌కోడ్. ఈ గీతలే ఆస్పత్రిలో ప్రాణాలు కాపాడతాయంటే నమ్ముతారా?

అమెరికాలో, కాన్సస్ రాష్ట్రంలోని టొపీకాలో మాజీ సైనికుల ఆస్పత్రి ఉంది. అక్కడ స్యూ కినిక్ అనే నర్సు పనిచేసేది. 1992లో ఆమె ఒక అద్దె కారును తిరిగి అప్పగించింది. అక్కడి మనిషి చేతిలో ఇమిడే యంత్రంతో కారుమీది గీతలు చదివి, క్షణంలో లెక్క తేల్చేశాడు. కారుకు చేసినది మందుకు మాత్రం ఎందుకు చెయ్యకూడదని ఆమెకు తోచింది.

ఆస్పత్రిలో పొరపాటు ఎంత తేలికో చూడండి. ఇద్దరు రోగులకు ఒకే పేరు ఉండవచ్చు. చాలా బిళ్ళలు తెల్లగానే ఉంటాయి. డాక్టరుగారి చేతిరాత సంగతి చెప్పనే అక్కర్లేదు!

అందుచేత రోగి ముంజేతికి గీతలున్న పట్టీ కడతారు. మందు పొట్లం మీదా గీతలుంటాయి. నర్సు రెండిటినీ యంత్రానికి చూపుతుంది. డాక్టరు కంప్యూటరులో రాసిన దానితో అది పోల్చి చూస్తుంది: ఈ మనిషికేనా? ఈ మందేనా? ఇంతేనా? ఇప్పుడేనా? ఏది తేడా వచ్చినా హెచ్చరిస్తుంది. బోస్టన్‌లోని ఒక ఆస్పత్రిలో జరిపిన పరిశీలన 2010లో వెలువడింది. వేళ తప్పటం అలా ఉంచితే, మందివ్వటంలో పొరపాట్లు నూటికి 11.5 నుంచి 6.8కి తగ్గాయట.

మిగిలినవి ఎందుకు పోలేదు? అనేక కారణాలలో ఒకటి తమాషాగా ఉంటుంది. కొన్నిచోట్ల రోగి పట్టీకి నకలు తీసి, బల్లకో తలుపుకో అంటించి, దాన్నే యంత్రానికి చూపేవారు. పాపం, యంత్రం బల్లనే రోగి అనుకునేది! అది గీతలనే చూస్తుంది గాని, మంచం మీద ఎవరున్నారో చూడదు.

ఇలాంటి గుర్తు మన ఇళ్ళకూ వచ్చింది. 2023 ఆగస్టు నుంచి మన దేశంలో బాగా అమ్ముడుపోయే 300 రకాల మందులపై బార్‌కోడ్ గాని, గళ్ళుగళ్ళుగా ఉండే క్యూఆర్ కోడ్ గాని ఉండాలని చట్టం. మందు పేరు, తయారుచేసినవారు, బ్యాచి నంబరు, గడువు తేదీ అందులో ఉంటాయి. అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని, మీ ఇంటి మందుల డబ్బాలో అలాంటి పొట్లం ఉందేమో వెతకండి. గడువు దాటిన మందేదైనా బయటపడితే పెద్దవాళ్ళ చేతికివ్వండి.