తోబుట్టువులకూ ఈసీజీ తీయండి

పాతికేళ్ల కుర్రాడు మిరప కల్లంలో కుప్పకూలితే చిలకలూరిపేట వైపు ‘వడదెబ్బ’ అని సరిపెట్టుకుంటాం. వంశపారంపర్య గుండె కండర జబ్బుతో లయ తప్పిందేమోనని అడిగేవారు తక్కువ. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ పాలుపంచుకున్న 2009 నాటి పరిశోధన, ఈ ముప్పు పెంచే ఒక జన్యులోపం దాదాపు 4 శాతం భారతీయుల్లో ఉందని తేల్చింది. మేనరికాలు మామూలైన చోట అది అమ్మానాన్నలిద్దరి నుంచీ రావచ్చు. లోపమున్న వాళ్లందరికీ జబ్బు రాదనుకోండి.

ఇలా లయ తప్పడాన్ని బీటా బ్లాకర్ మాత్రలు కొంత అదుపు చేస్తాయి. కొందరికి లయ చెడగొట్టే కణజాలాన్ని నిర్వీర్యం చేసే అబ్లేషన్ చేస్తారు. ప్రాణం తీసే లయను అప్పటికప్పుడు షాక్‌తో సరిచేసేది ఛాతీలో అమర్చే ఐసీడీ పరికరం. ఖరీదైనదే, అందరికీ అక్కర్లేదు కూడా. ఎవరికి కావాలో తేల్చడానికి ఈసీజీ, ఎకోతోపాటు ఇంట్లో ఎవరెవరు చిన్న వయసులో హఠాత్తుగా పోయారో తెలియాలి. ఆ ఆరా పేట ప్రభుత్వాసుపత్రిలోనే మొదలుపెట్టి, తోబుట్టువులకూ ఈసీజీ తీసి, అనుమానమున్న వారిని గుంటూరు పంపాలి.