బిగిసిన ప్లగ్గుతో బలవంతం వద్దు

ఈ నెల బ్యాటరీ గురించి రాద్దామని మేము సగం రాసి ఉంచుకున్నాము. ఇంతలో మాడుగులపల్లి నుండి ఒక సోదరుని ఉత్తరం అందింది. బ్యాటరీ సంగతి వచ్చే నెల చూసుకోవచ్చు, ఈయన సంగతి ఆగేది కాదు.

ఆయనకు ఒక పాత మారుతీ ఓమ్ని వ్యాను ఉన్నది. కుటుంబం గడిచేది దానితోనే. ఉదయం పిల్లలను బడికి, ఆ తర్వాత రోగులను మిర్యాలగూడ ఆసుపత్రులకు తీసుకువెళ్తారు. ప్లగ్గులు మార్చబోతే మూడింటిలో రెండు వచ్చాయి, మధ్యది కదలడం లేదు. "పానాకు ఇనుప గొట్టం తొడిగి తిప్పితే చచ్చినట్టు వస్తుందంటున్నారు. తిప్పమంటారా?" అని అడిగారు.

వద్దు సోదరా. ఆ పని మేము చేసి చూశాము.

కొన్నేళ్ల క్రితం మా వ్యానుకు, ఇంజను ఇంకా వేడిగా ఉండగానే, అలాగే గొట్టం తొడిగి తిప్పాము. ప్లగ్గు వచ్చింది. కాని దాని మరల మధ్య తెల్లని తీగలా అల్యూమినియం చుట్టుకొని వచ్చింది. అది చూసి కూడా అదే రంధ్రంలో కొత్త ప్లగ్గు పెట్టాము. ఎంత తిప్పినా గట్టిపడలేదు. సరేలే అనుకున్నాము. పది పదిహేను రోజుల తర్వాత, నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద మాడుగులపల్లి టోల్‌గేటు దాటిన కాసేపటికే, టపాసు పేలినట్టు చప్పుడైంది. ప్లగ్గు ఎగిరిపోయింది. వ్యానులో నొప్పులు పడుతున్న ఆడకూతురు ఉన్నది. వెనుక వస్తున్న ఆటోను ఆపి ఆమెను ఎక్కించాము. తల్లీబిడ్డలు క్షేమంగానే ఉన్నారు, కాని ఆ పది నిమిషాలు మేము మరచిపోలేదు. తప్పు బండిది కాదు, మాదే.

ఇలా ఎందుకు జరుగుతుంది? ప్లగ్గు ఒళ్లు ఉక్కు, అది కూర్చునే హెడ్డు అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఉక్కుకన్నా సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కొన్ని వేల సార్లు వేడెక్కి చల్లారేసరికి మరలు ఒకదానినొకటి కరచుకుంటాయి. రెండు వేర్వేరు లోహాల మధ్య తేమ చేరితే తుప్పు పడుతుంది. లోపలి చివర మసి పేరుకుంటుంది. అల్యూమినియం మెత్తని లోహం కనుక పోరులో ఓడేది ఎప్పుడూ హెడ్డే. పాత అంబాసిడర్ పెట్రోలు ఇంజనుకు హెడ్డు పోత ఇనుముది, మోటుగా తిప్పినా అది కొంత ఓర్చుకునేది. గొట్టం తొడిగే అలవాటు ఆ రోజులనుండి వచ్చిందేమోనని మా అనుమానం. (ట్రాక్టరు తోలే సోదరులు కంగారు పడవద్దు, డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గే ఉండదు.)

ఇప్పుడు ఆ మధ్య ప్లగ్గు సంగతి. ఇంజనును రాత్రంతా చల్లారనివ్వండి. ఓమ్నిలో ఇంజను ముందు సీటు కిందనే గనుక ప్లగ్గు చుట్టూ దుమ్ము చేరుతుంది. పైగా మీది సాగర్ ఎడమ కాలువ కింద వరి ప్రాంతం, దగ్గరలో రైస్‌మిల్లులు. ఊక బూడిద, ఇసుక రేణువులు లోపల పడితే సిలిండరు గీసుకుపోతుంది. తీసేసిన రెండు రంధ్రాలలో శుభ్రమైన గుడ్డ దోపి, సైకిలు పంపుతో ప్లగ్గు చుట్టూ గాలి కొట్టండి. తుప్పు వదిలించే స్ప్రే నూనెను మొదట్లో పడేటట్టు కొట్టి, ఒక పూట ఆగండి. దగ్గరలో బీడీ, దీపం ఉండరాదు.

తర్వాత పానాను నిటారుగా కూర్చోబెట్టి, మామూలు పిడితోనే తిప్పండి. పానా ఒరిగితే పింగాణీ పగులుతుంది. వెంట్రుకవాసి కదిలితే చాలు, ఆగండి. ఎనిమిదో వంతు చుట్టుకన్నా ఎక్కువ వద్దు. మళ్లీ నూనె, మళ్లీ కాసేపు ఆగడం. ఆపైన కొంచెం విప్పడం, కొంచెం బిగించడం, మళ్లీ విప్పడం. కిర్రుమన్నదంటే వెనక్కు తిప్పమని అర్థం. గంట పట్టినా పట్టనివ్వండి. అప్పటికీ రాకపోతే అనుభవమున్న మేస్త్రీకి అప్పగించండి.

ఇది పల్లెటూరి చాదస్తం కాదు. అమెరికాలో ఫోర్డు కంపెనీ 5.4 లీటర్ల మూడు వాల్వుల ఇంజనులో ప్లగ్గులు బిగుసుకొని, తీసేటప్పుడు రెండు ముక్కలయ్యేవి. 2008లో ఆ కంపెనీ తన మెకానిక్కులకు ఇచ్చిన సూచన కూడా దాదాపు ఇదే. చల్లని ఇంజను మీద కొద్దిగా వదులు చేసి, ద్రావకం పోసి, ఆగి, ముందుకూ వెనక్కూ తిప్పుతూ తీయమన్నారు.

కొత్తవి పెట్టేటప్పుడు తొందరపడితే ఇంతవరకు పడిన శ్రమ వృథా. రంధ్రం నోరు గుడ్డతో తుడవండి. ప్లగ్గు తలకు ఒక రబ్బరు గొట్టం ముక్క తొడిగి దానితో మర ఎక్కించండి. మర అడ్డంగా పడితే గొట్టమే జారుతుంది, హెడ్డు చెడదు. చేతితో చివరిదాకా వెళ్లాలి, పానా అప్పుడే. వాషరున్న 14 మిల్లీమీటర్ల కొత్త ప్లగ్గుకు వాషరు ఆనిన తర్వాత అర చుట్టునుండి మూడింట రెండు వంతుల చుట్టు చాలు. టార్కు పానా ఉంటే, అల్యూమినియం హెడ్డుకు 25 నుండి 30 న్యూటన్-మీటర్లు. వాడిన ప్లగ్గునే తిరిగి పెడితే వాషరు అప్పటికే నలిగి ఉంటుంది, పన్నెండో వంతు చుట్టు సరిపోతుంది.

మరలకు గ్రీజు పూస్తే తర్వాత సులువుగా వస్తుంది గదా అని చాలామంది అడుగుతారు. ఎన్.జి.కె. వంటి తయారీదారులు, పూత వేసిన తమ ప్లగ్గులకు అది అక్కరలేదంటారు. జారుడు ఎక్కువైతే చేతికి తెలియకుండానే అతిగా బిగుస్తుంది, మర సాగుతుంది. ఇంజనాయిలు పూస్తే అది మాడి మసి అవుతుంది. మేము ఏదీ పూయడం మానివేశాము.

ఇరిడియం ప్లగ్గులున్న కొత్త కార్లవారికి ఒక మాట. లక్ష కిలోమీటర్ల దాకా మార్చనక్కరలేదని కొన్నిటికి కంపెనీలే చెబుతాయి. అన్నేళ్లు కదపకుండా ఉన్న ప్లగ్గు బిగుసుకోవడానికి అంత వీలు. వాటిలో కొన్నిటి మరలు ఇంకా సన్నవి కూడా.

సోదరా, ఒకవేళ మీ మధ్య ప్లగ్గుకు అల్యూమినియం తీగ చుట్టుకొని వస్తే మావలె సరేలే అనుకోకండి. హెడ్డు మార్చనక్కరలేదు. పెద్ద లేత్‌షాపులో రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, లోపల ఉక్కు తీగ చుట్టతో కొత్త మర వేస్తారు, హెలికాయిల్ అని అడగండి. అంతవరకు రోగులను ఎక్కించుకోవద్దు. ప్లగ్గు వచ్చాక దాని కొన ఏ రంగులో ఉన్నదో మాకు రాయండి, అది చూస్తే ఇంజను సంగతి మరికొంత చెప్పగలము.