డిస్క్ పెడితే చాలు, దానంతటదే ఆడాలి

మన పల్నాడులో చాలా ఇళ్ళల్లో బీరువా తీస్తే, పట్టుచీరల కిందో పొలం కాగితాల పక్కనో ఒకటో రెండో డిస్కులు కనిపిస్తాయి. పైన మార్కర్‌తో రాసిన పేరు, తేదీ. పెళ్ళి, ఓణీల ఫంక్షన్, షష్టిపూర్తి, సంవత్సరీకం. ఎక్కువ భాగం వీడియోలే. కొన్ని మాత్రం పవర్‌పాయింట్‌లో ఫోటోలకి పాటలూ మాటలూ కలిపి చేసిన స్లైడ్ షోలు. "కంప్యూటర్‌లో పెడితే చాలండీ, దానంతటదే వస్తుంది" అని చెప్పి ఇచ్చేవాళ్ళు.

ఆ ఒక్క మాట గురించే ఈ వ్యాసం. నేను సీఎస్ఈ సెకండ్ ఇయర్. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే, కాబట్టి మధ్యమధ్యలో ఇంగ్లిష్ మాటలు దొర్లుతాయి, సర్దుకోండి. నా అభిప్రాయం ఏంటంటే, దానంతటదే ఆడే డిస్క్ చేయడమంటే చూసేవాళ్ళకి మాట ఇవ్వడం. "మీరేమీ నేర్చుకోనక్కర్లేదు, వెతుక్కోనక్కర్లేదు, కావాల్సినవన్నీ లోపలే పెట్టాను" అని. చాలా డిస్కులు ఆ మాట నిలబెట్టుకోలేదు. వాటిలో ఇంకా మిగిలింది కాపాడగలిగేది మనమే, అది కూడా త్వరగా చేస్తేనే.

ముందు అసలు ఇదెలా పనిచేసేదో చూద్దాం. విండోస్ 95తో ఆటోరన్ వచ్చింది. డిస్క్‌లో, ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా పైనే, ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ అని చిన్న టెక్స్ట్ ఫైల్ ఉండాలి. నోట్‌ప్యాడ్‌లో రెండు మూడు లైన్లు చాలు. డిస్క్ పెట్టగానే విండోస్ ఆ ఫైల్ చదివి, అందులో చెప్పిన ప్రోగ్రామ్ నడిపేది.

ఇక్కడే మొదటి చిక్కు. స్లైడ్ షో ప్రోగ్రామ్ కాదు, అదొక డాక్యుమెంట్. దాన్ని తెరవడానికి అవతలి కంప్యూటర్‌లో పవర్‌పాయింట్ ఉండాలి. లేకపోతే? అందుకే మైక్రోసాఫ్ట్ ఉచితంగా పవర్‌పాయింట్ వ్యూయర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఇచ్చేది. పవర్‌పాయింట్ 2003లో 'ప్యాకేజ్ ఫర్ సీడీ' అనే ఆప్షన్ ఉండేది. అది నొక్కితే షో, దానికి లింక్ అయిన పాటలు, వ్యూయర్, ఆటోరన్ ఫైల్ అన్నీ కలిపి ఒకేచోట సర్దిపెట్టేది. పెళ్ళికి వెళ్ళే ముందు అమ్మ పెట్టె సర్దినట్టు, మనం మర్చిపోయేవి కూడా అదే గుర్తుపెట్టుకుని పెట్టేది.

స్లైడ్లు వాటంతటవే కదలాలంటే ఇంకో పని కూడా ఉంది. ప్రతి స్లైడ్‌కీ ఇన్ని సెకన్ల తర్వాత తర్వాతిది రావాలి అని టైమ్ పెట్టాలి. ఎస్కేప్ నొక్కేదాకా మళ్ళీ మళ్ళీ తిరగాలంటే లూప్ టిక్ పెట్టాలి. ఫైల్‌ని మామూలు పీపీటీగా కాకుండా పీపీఎస్‌గా సేవ్ చేయాలి. పీపీటీ అయితే ఎడిట్ చేసే స్క్రీన్ తెరుచుకుంటుంది, పీపీఎస్ అయితే నేరుగా షో మొదలవుతుంది. ఇవన్నీ ఎవరైనా చేస్తారు, ఎందుకంటే మర్చిపోతే అక్కడికక్కడే తెలిసిపోతుంది.

అక్కడికక్కడే తెలియనివి రెండున్నాయి. ఒకటి సౌండ్. పవర్‌పాయింట్ 2003లో మామూలు సెట్టింగ్ ప్రకారం 100 కేబీ దాటిన సౌండ్ షో లోపలికి వెళ్ళదు. అది ఎక్కడుందో అడ్రస్ మాత్రమే షోలో ఉంటుంది. ఎంపీ3లూ వీడియోలూ అయితే ఎప్పుడూ లింకులే. చేసినవాళ్ళ కంప్యూటర్‌లో పాట చక్కగా వినిపిస్తుంది, ఎందుకంటే అసలు ఫైల్ అక్కడే ఉంది. ఆ ఒక్క పీపీఎస్ ఫైల్‌ని మాత్రమే డిస్క్‌లో రాసి ఇస్తే, ఇంకో కంప్యూటర్‌లో నిశ్శబ్దం.

రెండోది మన తెలుగు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ కూడా వచ్చింది. కానీ డీటీపీ షాపుల్లో, స్టూడియోల్లో చాలాకాలం అను ఫాంట్లే రాజ్యమేలాయి. వాటిలో 'అ' అనేది నిజంగా 'అ' కాదు. ఏదో ఇంగ్లిష్ అక్షరం నంబర్ దగ్గర తెలుగు బొమ్మ కూర్చోబెట్టారు, అంతే. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో "శుభాకాంక్షలు" అని కనిపించేది, లేని కంప్యూటర్‌లో నెత్తిన చుక్కలూ కొమ్ములూ ఉన్న ఇంగ్లిష్ అక్షరాల గుంపుగా మారిపోతుంది.

మా ఇంటి డిస్క్‌లో ఈ రెండూ జరిగాయి. గురజాల దగ్గర మా ఊరు. 2009లో మా తాతయ్య షష్టిపూర్తికి మా బాబాయి ఒక స్లైడ్ షో చేయించాడు. దానికోసం తాతయ్య కారంపూడి తిరునాళ్ళ గురించి తన మాటల్లో చెబుతుంటే రికార్డ్ చేశారట. మీకు తెలిసిందే, పల్నాటి వీరుల ఉత్సవాలు కార్తీకంలో ఐదు రోజులు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. రోజుకో స్లైడ్, ఫోటో, దానిమీద తాతయ్య గొంతు. ఫంక్షన్ రోజు స్టూడియో వాళ్ళ కంప్యూటర్‌లోనే ప్రొజెక్టర్‌కి పెట్టారు, అద్భుతంగా ఆడింది. అందరూ విన్నారు. నాకప్పుడు మూడేళ్ళు, ఏమీ గుర్తులేదు. తాతయ్య 2016లో పోయారు.

కిందటి సెలవుల్లో ఆ డిస్క్ తెరిచాను. ఫోటోలన్నీ వచ్చాయి. కింద రాసిన తెలుగంతా చుక్కల ఇంగ్లిష్. స్లైడ్ మీద చిన్న స్పీకర్ బొమ్మ ఉంది, నొక్కితే ఏమీ లేదు. ఆ సౌండ్ వివరాలు తెరిచి చూస్తే డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ అడ్రస్ ఉంది. అది ఆ స్టూడియో కంప్యూటర్. ఆ స్టూడియో ఎప్పుడో మూసేశారు, కంప్యూటర్ ఏమైందో ఎవరికీ తెలీదు. తెలుగుని నేను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోగలిగాను. గొంతుని ఏ కన్వర్టరూ తేలేదు. డిస్క్ మొత్తం 40 ఎంబీ కూడా లేదు. 700 ఎంబీ పట్టే సీడీలో అంత చోటు ఖాళీగా వదిలేసి, ఐదు సౌండ్ ఫైళ్ళు బయటే ఉండిపోయాయి.

ఇది ఒకరిని తిట్టడానికి చెప్పట్లేదు. వాళ్ళ స్క్రీన్ మీద అంతా బాగానే ఉంది. డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌లో ఒక్కసారి పెట్టి చూసుంటే తెలిసేది. "నా మెషీన్‌లో పనిచేస్తోంది" అనే మాట మన ల్యాబ్‌లో రోజూ జోకులా వాడుతుంటాం కదా, దాని ఖరీదు ఒక్కోసారి ఇంత ఉంటుంది.

ఇక ఆటోరన్ సంగతికొస్తే, ఆ తలుపు క్రమంగా మూసుకుపోయింది, మూయాల్సిన కారణాలే ఉన్నాయి. 2005లో సోనీ బీఎంజీ అమ్మిన కొన్ని మ్యూజిక్ సీడీలు విండోస్ కంప్యూటర్‌లో పెడితే, కాపీ చేయకుండా ఆపడానికి ఒక సాఫ్ట్‌వేర్‌ని దాచిపెట్టి ఇన్‌స్టాల్ చేశాయి. పెద్ద గొడవై ఆ సీడీలు వెనక్కి తీసుకున్నారు. 2008 నవంబర్‌లో బయటపడ్డ కాన్‌ఫికర్ అనే వర్మ్ పెన్‌డ్రైవ్‌లలో ఆటోరన్ ఫైల్ పెట్టుకుని కూడా పాకింది. విండోస్ 7లో పెన్‌డ్రైవ్‌లకి ఆటోరన్ తీసేశారు, 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీకీ విస్టాకీ కూడా అప్‌డేట్ ద్వారా ఆపేశారు. డిస్కుల విషయంలో విస్టా నుంచే "ఏం చేయమంటారు?" అని అడగడం మొదలైంది. పవర్‌పాయింట్ 2010 వచ్చేసరికి ప్యాకేజ్‌లో వ్యూయర్ ఉండటం లేదు, డౌన్‌లోడ్ లింక్ ఉండేది. 2018 ఏప్రిల్‌లో వ్యూయర్‌నే ఆపేశారు.

అంటే ఎవరి చేతిలోంచో వచ్చిన డిస్క్ మనల్ని అడక్కుండా ప్రోగ్రామ్ నడపడం ప్రమాదమే. దాన్ని ఆపడాన్ని నేను సమర్థిస్తాను. కానీ ప్రోగ్రామ్ నడపడం వేరు, బొమ్మా పాటా చూపించడం వేరు. టీవీ కింద పెట్టుకున్న డీవీడీ ప్లేయర్‌లో సినిమా డిస్క్ పెడితే దానంతటదే ఆడేది. అక్కడ ఏ ఆటోరన్ ఫైలూ లేదు. బొమ్మ, శబ్దం, వరస అన్నీ ప్లేయర్‌కి తెలిసిన పద్ధతిలో డిస్క్ లోపలే ఉంటాయి, అంతే. మా నాయనమ్మకి ఫోల్డర్ అంటే తెలీదు కానీ డీవీడీ ట్రే నొక్కడం వచ్చు. ఆమెకి పీపీఎస్ ఇవ్వడమే పొరపాటు, వీడియో ఇచ్చుండాల్సింది.

ఈ విషయం హాస్టల్‌లో చెబితే ఒక ఫ్రెండ్ అన్నాడు, "ఇప్పుడు డిస్కులెవరు వాడుతున్నార్రా, యూట్యూబ్‌లో పడేస్తే సరిపోద్దిగా" అని. సగం నిజమే. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ డ్రైవే ఉండట్లేదు. కానీ మన రోగం డిస్క్‌ది కాదు. వాట్సాప్‌లో పంపే పీపీటీకీ అదే రోగం, క్లౌడ్ డ్రైవ్ లింక్ పెట్టిన వీడియోకీ అదే. అకౌంట్ పోయినా, లింక్ పర్మిషన్ మారినా, ఊళ్ళో నెట్ లేకపోయినా అదే స్పీకర్ బొమ్మ, అదే నిశ్శబ్దం. పైగా ఇంట్లోవాళ్ళ ఫోటోలన్నీ ఊరందరికీ పెట్టాలని అందరికీ ఉండదు. ఇచ్చేది ఏ రూపంలో అయినా, లోపలే అన్నీ ఉన్నాయా లేదా అన్నదే ప్రశ్న.

కాబట్టి ఇకముందు మనం ఏ స్లైడ్ షో చేసినా, అది కాలేజ్ ఫెస్ట్ స్టాల్‌లో రోజంతా తిరగాల్సిందైనా, ఇంట్లో ఫంక్షన్‌ది అయినా, నేను అనుకునే పద్ధతి ఇది. పాటలూ వీడియోలూ ముందే షో ఉన్న ఫోల్డర్‌లో పెట్టుకుని తర్వాతే చేర్చాలి. తెలుగు యూనికోడ్‌లోనే టైప్ చేయాలి. అంతా అయ్యాక వీడియోగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. పవర్‌పాయింట్ 2010 నుంచి ఈ ఆప్షన్ ఉంది, 2013 నుంచి ఎంపీ4 కూడా వస్తుంది. వీడియో అయ్యాక అక్షరం బొమ్మ అయిపోతుంది, ఇక ఫాంట్ గొడవ ఉండదు, పాట విడిపోదు. ఆ ఎంపీ4ని పెన్‌డ్రైవ్‌లో వేస్తే యూఎస్‌బీ ఉన్న టీవీల్లో చాలావరకు రిమోట్‌తోనే ఆడుతుంది. అసలు పీపీటీ, ఫోటోలు, సౌండ్ ఫైళ్ళు కూడా పక్కనే ఇంకో ఫోల్డర్‌లో ఇవ్వాలి, రేపు ఎవరైనా మార్చుకోవాలంటే కావాలి కదా. చివరగా, మీది కాని మెషీన్‌లో, నెట్ ఆపేసి, మొదట్నుంచి చివరిదాకా ఒకసారి ఆడించాలి. ఈ చివరి పని చేయకపోతే మిగతావన్నీ చేసినా నమ్మకం లేదు.

పాత డిస్కుల పని ఇంకా తొందరది. మనం రాసుకునే సీడీల్లో సమాచారం ఒక రంగు పొర మీద ఉంటుంది. ఎండకీ వేడికీ అది పాడవుతుంది, మనదేమో రెంటచింతల ఎండలు కాసే నేల. ఇంకో సంగతి, సీడీకి మెరిసే వైపు గీత కంటే పేరు రాసే వైపు గీత ప్రమాదం. సమాచారం ఉన్న పొర ఆ పైవైపుకే దగ్గరగా ఉంటుంది, అక్కడ లేచిపోతే ఇక రాదు.

అందుకని ఈసారి సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు బీరువాలో డిస్కులు అడగండి. నలుగురు కలిసి ఒక యూఎస్‌బీ డిస్క్ డ్రైవ్ కొనుక్కుంటే రూమంతటికీ సరిపోతుంది. కనిపించిన ఫైల్ ఒక్కటే కాపీ చేయకుండా మొత్తం డిస్క్‌ని ఐఎస్ఓ ఇమేజ్‌గా తీయండి, దాచి ఉన్న ఫైళ్ళు కూడా వస్తాయి. గీతలు పడి మొరాయిస్తే లైనక్స్‌లో డీడీరెస్క్యూ వాడండి, చదవగలిగినంతా ముందు లాగేసి, రాని చోట్ల మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. పీపీఎస్ ఉంటే స్పీకర్ బొమ్మలన్నీ నొక్కి చూడండి. ఏదైనా పలకకపోతే, అడ్రస్‌లో ఉన్న ఫైల్ పేరు రాసుకుని, ఆ డిస్క్ చేసినవాళ్ళు ఇంకా ఉంటే వెళ్ళి అడగండి. పాత హార్డ్ డిస్క్ ఏ అటక మీదో ఉండొచ్చు. మా విషయంలో ఆలస్యమైంది, మీ ఇంట్లో ఇంకా టైముండొచ్చు.

అన్నీ కలిపి వీడియో చేశాక టీవీకి పెట్టి, రిమోట్ పెద్దవాళ్ళ చేతికిచ్చి, మీరు పక్కకి జరగండి. మధ్యలో ఎవరూ మిమ్మల్ని పిలవకుండా మొత్తం చూసేశారంటే, పని పూర్తయినట్టు.