మన కరెంటు, ఎవరి పని?

కేసముద్రంలో ఇంటి కంప్యూటర్ నెమ్మదించిందంటే రిపేరు దుకాణంలో వినిపించే మాట ఒక్కటే: "వైరస్ వచ్చింది సార్, ఫార్మాట్ కొట్టాలె." మహబూబాబాద్ వెళ్లినా, హన్మకొండ దాకా మోసుకెళ్లినా అదే తీర్పు. విచారణ ఉండదు. పిల్లల ఫొటోలు, పాస్‌బుక్ స్కాన్‌లు, మార్కెట్ యార్డులో వ్యాపారం చేసేవాళ్లయితే ఏళ్ల నాటి టాలీ లెక్కలు, వీటిలో ఏది మిగిలితే అది మన అదృష్టం. నాలుగు రోజులు కంప్యూటర్ పరుగెత్తుతుంది. తర్వాత ఫ్యాన్ హోరు మళ్లీ మొదలు. ప్రాసెసర్‌ను తింటున్నది ఎవరో ఒక్కరూ చూడలేదు కదా మరి!

చూడటానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. 1996లో విండోస్ ఎన్‌టీ 4.0 కాలం నుంచీ ఉన్నదే. అందులో సీపీయూ అన్నచోట నొక్కితే ఎక్కువ తింటున్న ప్రోగ్రామ్ పైకి వస్తుంది. తెరవగానే కనిపించే అంకెను నమ్మొద్దు, ఓ నిమిషం ఆగండి. అంకెలోనూ మెలిక ఉంది. ప్రాసెసర్‌కు నాలుగు కోర్లుండి, ఏదో ప్రోగ్రామ్ ఒక్క కోర్‌లో ఇరుక్కుని తిరుగుతుంటే తెరమీద 25 శాతమే కనిపిస్తుంది. పాతికే కదా అని వదిలేస్తాం. అదే అంకె గంటల తరబడి కదలకపోతే మాత్రం అనుమానించాల్సిందే. ఇక 'సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్' 95 శాతం అని చూసి గుండె గుభేలుమనేవాళ్లూ ఉన్నారు. ప్రాసెసర్ ఖాళీగా ఉన్న సమయం లెక్క అది. ఎంత ఎక్కువుంటే అంత నిశ్చింత.

చాలాసార్లు దొంగ ఇంట్లోవాడే. పెళ్లి ఫొటోగ్రాఫర్ ఇచ్చిన హార్డ్‌డిస్క్ నుంచి వేల ఫొటోలు ఎక్కించామనుకోండి, విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఒక్కొక్కటీ తనిఖీ చేస్తుంది, ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే వన్‌డ్రైవ్ వాటిని పైకి పంపుతూ కూర్చుంటుంది. ఒక రాత్రి ఆన్‌లో వదిలేస్తే సర్దుకునే పనికి వైరస్ అని పేరు పెట్టి డబ్బులు తీసుకోవడం అన్యాయం.

ఒక్కోసారి తప్పు తయారుచేసిన కంపెనీదే. 2013లో ప్రపంచమంతటా విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లు అప్‌డేట్ ఉందో లేదో వెతకడానికే ప్రాసెసర్‌ను నూరు శాతం వాడుకుని మొరాయించాయి. పాత అప్‌డేట్ల స్థానంలో కొత్తవి, వాటి స్థానంలో ఇంకా కొత్తవి వచ్చి పడటంతో, ఆ గొలుసంతా తిరగేయడమే కంప్యూటర్‌కు తలకు మించిన పనైంది. టాస్క్ మేనేజర్‌లో మాత్రం కనిపించింది ఎస్‌వీసీహోస్ట్ అన్న పేరొక్కటే. అప్పట్లో దాని చాటున డజన్ల కొద్దీ సర్వీసులు నడిచేవి. డబ్బిచ్చి కొనుక్కున్నవాడికి తన యంత్రంలో ఎవరు పనిచేస్తున్నారో అర్థమయ్యే పేరుతో చెప్పకపోవడం నా దృష్టిలో పొరపాటు కాదు, నిర్లక్ష్యం. లోపలి సంగతి చూపించే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అనే ఉచిత సాధనం ఉంది. మార్క్ రుసినోవిచ్ రాసినది. 2006లో ఆయన సంస్థను మైక్రోసాఫ్టే కొనేసింది. కొన్నది సరే, దాన్ని విండోస్‌తో పాటే ఎందుకివ్వరు?

ఇంట్లోవాళ్లూ కాక, కంపెనీ కూడా కాక, మూడో మనిషి చేతివాటం ఒకటుంది. దాని కథ మన తెలుగు నేల మీదే జరిగింది. 2018 సెప్టెంబరులో గువాహటికి చెందిన ముగ్గురు భద్రతా పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఓ దొంగ కోడ్ పట్టుకున్నారు. పురపాలక డైరెక్టరేట్, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల మున్సిపాలిటీ సైట్లు ఆ జాబితాలో ఉన్నాయి. పౌరుడు మున్సిపాలిటీ పేజీ తెరిస్తే చాలు, అది తెరిచి ఉన్నంతసేపూ అతని ప్రాసెసర్ ఎవరికోసమో మొనెరో అనే క్రిప్టో కరెన్సీని తవ్వేది. కరెంటు బిల్లు పౌరుడిది, నాణెం హ్యాకర్‌ది. ఈ తవ్వకానికి వాడింది 2017 సెప్టెంబరులో మొదలైన కాయిన్‌హైవ్ కోడ్. వచ్చినదాంట్లో ఆ సంస్థ 30 శాతం కోసుకుని మిగతాది కోడ్ పెట్టినవాడికిచ్చేది. 2018 ఫిబ్రవరిలో బ్రిటన్‌తో సహా పలు దేశాల్లో నాలుగు వేలకు పైగా సైట్లకు ఈ పీడే పట్టింది. జనం సమాచారానికి రక్షణ చూడాల్సిన బ్రిటన్ కమిషనర్ కార్యాలయం సైటు కూడా అందులో ఒకటి!

ఇల్లు ఇల్లుగా చూస్తే నష్టం చిన్నదే. ప్రాసెసర్ 50 వాట్లు అదనంగా పదిగంటలు తాగినా అర యూనిట్. వేలమంది దగ్గర అలా గుంజితేనే దొంగకు గిట్టుబాటు. అందుకే వాడు ఎవరికీ కోపం వచ్చేంత తీసుకోడు. 2019 మార్చిలో కాయిన్‌హైవ్ మూతపడింది కానీ ఆ పద్ధతి పోలేదు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌లో దాక్కుని వచ్చే తవ్వకపు ప్రోగ్రామ్‌లు కొన్ని, టాస్క్ మేనేజర్ తెరవగానే పని ఆపి అమాయకంగా కూర్చుంటాయి. మూస్తే మళ్లీ మొదలు. ఫార్మాట్ కొట్టి, అదే పెన్‌డ్రైవ్‌లోని క్రాక్ సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఎక్కించే దుకాణం దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి మన ఇళ్లలోని పాత కంప్యూటర్లకు ఈ భయం ఇంకాస్త ఎక్కువ.

దుమ్ము మాటా చెప్పాలి. మక్కలు, పసుపు, వడ్లు వచ్చే మార్కెట్ ఉన్న ఊరు మనది. ప్రాసెసర్‌ను చల్లబరిచే హీట్‌సింక్ దుమ్ముతో మూసుకుపోతే ప్రాసెసర్ వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లోని పెర్ఫార్మెన్స్ పేజీలో ఉండాల్సిన వేగం, ఇప్పుడున్న వేగం రెండూ కనిపిస్తాయి. ఫ్యాన్ అరుస్తుండగా రెండోది బాగా కిందికి పడితే విండోస్‌తో పనిలేదు, బ్రష్ చాలు.

కాబట్టి బ్రౌజర్ ట్యాబ్‌లు ఒక్కొక్కటే మూసి ప్రాసెసర్ ఎప్పుడు తేలికపడిందో చూడండి. అనుమానం ఉన్న పేరు మీద రైట్ క్లిక్ చేసి ఆ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో చూడండి. ఎస్‌వీసీహోస్ట్ అని చెప్పుకుంటూ విండోస్ ఫోల్డర్‌లో కాక ఇంకెక్కడో ఉంటే అది దొంగే. దుకాణానికి వెళ్లక తప్పకపోతే, ప్రాసెసర్‌ను తింటున్న ప్రోగ్రామ్ పేరేమిటో కాగితం మీద రాసివ్వమని అడగండి. రాసివ్వలేనివాడి చేతికి మీ హార్డ్‌డిస్క్ ఇవ్వకండి.