పంపితిమనుట చాలునా?

గత సంవత్సరమున మా పాఠశాల పైతరగతి విద్యార్థి యొకడు విద్యార్థివేతనము కోరి ఈమెయిలు మూలమున దరఖాస్తు పంపెను. గడువు దాటిన పిమ్మట విచారింపగా నది చేరనేలేదని తెలిసెను. "నేను పంపితినండీ, యంత్రమే పోగొట్టినది" అని యాబాలుడు కంట తడి పెట్టెను. తండ్రిగారును అట్లే పలికిరి. మేమును మొదట అట్లే నమ్మితిమి. తరువాత అతని యిన్‌బాక్సు తెఱచి చూడగా, దరఖాస్తు పంపిన రెండు నిమిషములకే తిరిగివచ్చిన జాబొకటి విప్పకయే పడియుండెను. అట్టి పేరుగలవా రచ్చట లేరని యందు స్పష్టముగా నుండెను. విలాసమున నొక యక్షరము తప్పిపోయినది. గడువునకు అప్పటికింకను ఆఱు దినములుండెను. ఆంగ్లమున నున్న యాజాబును ఏదో ప్రకటన యని యతడు తలచెనట. అట్టివానిని చదువవలెనని మేమును ఎన్నడు చెప్పియుండలేదు.

కావున ఉత్తరము మన చేయి విడిచిన తరువాత దానిగతి యేమగునో చదువరులకు విన్నవించి, పిదప మా యభిప్రాయమును తెలుపగోరుచున్నాము.

మీట నొక్కినంతనే జాబు నేరుగా ఎదుటివారి యింటికి పోదు. మొదట మన తపాలా సర్వరును చేరును. ఆ సర్వరు దానిని డిస్కుమీద వ్రాసి భద్రపఱచి, పంపవలసిన జాబుల వరుసలో నుంచును. పిమ్మట విలాసమును పరిశీలించును. విలాసము నడుమ నుండు 'యాట్' గుర్తును 1971లో రే టామ్లిన్సన్ అను అమెరికా యింజనీరు ఈ పనికై యెంచుకొనెను. దాని కెడమవైపున నున్నది మనిషి పేరు, కుడివైపున నున్నది స్థలము పేరు. సర్వరు ఆ స్థలము పేరును పట్టుకొని, డీఎన్ఎస్ అను పేర్ల పట్టికను "ఇచ్చటి జాబులను పుచ్చుకొను యంత్రమేది?" అని యడుగును. ఇట్టి జవాబిచ్చు పద్ధతి 1986లో ఏర్పడినది. ఒక స్థలమునకు అట్టి యంత్రములు రెండు మూడు ఉండవచ్చును. ఒక్కొక్కదానికి ఒక సంఖ్య యుండును. తక్కువ సంఖ్య గలదానిని ముందు పిలువవలెను. అది పలుకనిచో తరువాతిదానిని పిలువవలెను.

తలుపు తట్టినపిదప నడచు సంభాషణ మిక్కిలి మర్యాదగలది. దాని నియమములను 1982లో జాన్ పోస్టెల్ వ్రాసెను. 2008లో అవి సవరింపబడెను. వచ్చిన యంత్రము ముందుగా తన పేరు చెప్పుకొనును. పిదప పంపువారి విలాసమును, అందుకొనువారి విలాసమును చెప్పును. అనుమతి లభించినపిమ్మటనే జాబును చదివి వినిపించును. ఒక పంక్తిలో నొంటిగా నుంచిన చుక్కయే జాబు ముగిసినదనుటకు గుర్తు. ఎదుటి యంత్రము ప్రతి మాటకును మూడంకెల సంఖ్యతో బదులు పలుకును. రెండుతో మొదలగు సంఖ్య 'సరే' యని యర్థము. నాలుగుతో మొదలగునది 'ఇప్పుడు కాదు, మఱల రమ్ము' అని. అయిదుతో మొదలగునది 'కాదు' అని. మా బాలునికి వచ్చినది 550, అనగా నట్టి పెట్టె లేదని.

'మఱల రమ్ము' అన్నచో సర్వరు విసుగు చెందదు. అరగంటకైనను తక్కువ కాని వ్యవధి నిచ్చి మరల పోవలెననియు, నాలుగైదు దినముల వఱకైనను ప్రయత్నము మానరాదనియు నియమము. 2003లో ఇవాన్ హారిస్ ఈ యోపికనే పరీక్షగా మార్చు నుపాయమును ప్రకటించెను. కొత్తగా వచ్చినవారిని మొదట 'మఱల రమ్ము' అని పంపివేయుట ఆ యుపాయము. అక్కఱలేని ప్రకటనలను లక్షలకొలది వెదజల్లువారు తఱచుగా రెండవమారు రారు. నిజమైన తపాలా సర్వరు వచ్చును.

ఇందు మాకు మిక్కిలి గౌరవింపదగినదిగా తోచిన నియమ మొకటి గలదు. చివరి చుక్క తరువాత ఎదుటి యంత్రము '250' అని పలుకు వఱకు, పంపిన యంత్రము తన ప్రతిని చెఱిపివేయరాదు. ఆ మాట పలికిన క్షణముననే బాధ్యత చేతులు మారును. పుచ్చుకొన్నవాడు దానిని చేర్చవలెను, లేదా చేర్చలేకపోతినని పంపినవారికి కారణముతో తెలియజేయవలెను.

కొందఱు పెద్దలు ఈ తపాలా నమ్మదగినది కాదందురు. మేము దానికి సమ్మతింపము. సాధారణమైన కాగితపు టుత్తరము దారిలో పోయినచో, పోయినదని మనకు చెప్పువాడు లేడు. ఇచ్చట చెప్పువాడు గలడు, వినువాడే లేడు. ఐనను దీని కొఱతను దాచుట న్యాయము కాదు. '250' అనగా యంత్రమునకు ముట్టినదనియేగాని మనిషి చదివెనని కాదు. జాబు స్పాము పెట్టెలో పడియుండవచ్చును. కొన్ని సర్వరులు 'సరే' యని పుచ్చుకొని, చప్పుడు చేయక పాఱవేయుటయు గలదు. ముఖముమీద 'కాదు' అనుటకంటె నిది హీనమని మా దృఢాభిప్రాయము. కాదనిన యంత్రము మా బాలునికి ఆఱు దినముల వ్యవధి నిచ్చినది. మౌనముగా పాఱవేసినది ఎవ్వరికిని ఏమియు ఈయదు.

ఈ న్యాయము యంత్రములకు మాత్రమే చెల్లునా? తల్లిదండ్రులు వ్రాసిన జాబును చూచి ఊరకుండు కార్యాలయమును, ఇంటికి తీసికొనిపొమ్మన్న చీటిని సంచి యడుగున మఱచు విద్యార్థియు, బదులు వ్రాయుటకు బద్ధకించు మేమును, 'సరే' యని పుచ్చుకొని పాఱవేసినవారమే గదా.

అందుచేత మేము కోరునది మూడు మాటలు. విద్యార్థులారా, ముఖ్యమైన జాబు పంపిన గంటకొకమారు, మఱునాడొకమారు, అయిదవ దినమున నొకమారు మీ యిన్‌బాక్సును చూడుడు; తిరిగివచ్చిన జాబును అర్థము కాకున్నచో చెఱిపివేయక ఉపాధ్యాయులకు చూపుడు. తల్లిదండ్రులారా, బిడ్డ "పంపితిని" అన్నప్పుడు "ముట్టినదని బదులు వచ్చినదా?" అని యడుగుడు. ఇక మూడవది మా వంతు: మాకు చేరిన ప్రతి జాబునకును, ఔననియో కాదనియో, మాట బదులు పలికెదము.

ఆ బాలుడు ఈ సంవత్సరము మఱల దరఖాస్తు పంపినాడు. విలాసమును మేమిద్దఱము కూర్చుండి అక్షరమక్షరముగా చదివితిమి. ముట్టినదని మూడవనాడు బదులు వచ్చినది. ఫలితము ఇంకను తెలియవలసియున్నది.