ప్లగిన్‌కు మీ ఇంటిపేరు తగిలించండి

తొర్రూరు నుంచి త్రీడీ డిజైనింగ్ నేర్చుకోవడానికి వరంగల్, హైదరాబాద్ బస్సెక్కే పిల్లలు స్కెచ్‌అప్‌లో సొంతంగా ప్లగిన్ రాసే దాకా వెళ్తే సంతోషమే. చిక్కంతా పేరు దగ్గరే. తలుపులు గీసే ఫైలుకు ‘డోర్.ఆర్‌బీ’ అని పెట్టారనుకోండి. ప్లగిన్లన్నీ చేరేది ఒకే ఫోల్డర్‌లోకి. అదే పేరున్న ఇంకొకరి ఫైలు ఎక్కిస్తే మీది చెరిగిపోతుంది. క్లయింట్ ముందు మెనూ తెరిస్తే టూల్ ఉండదు! అందుకే ముందు మీ పొడి అక్షరాలు, తర్వాత పని పేరు: ‘కేఆర్_డోర్’. పక్కనుండే ఫోల్డర్‌కూ అక్షరం పొల్లుపోకుండా అదే పేరు. లేకపోతే ఎక్స్‌టెన్షన్ వేర్‌హౌస్ తీసుకోదు. బ్లెండర్ యాడ్ఆన్‌లు పైథాన్‌వి. పేరులో అడ్డగీత పెడితే ఇంపోర్ట్ లైను దాన్ని తీసివేత గుర్తనుకుంటుంది. ఇక ‘ఫైనల్’, ‘ఫైనల్2’ అలవాటు మనందరిదీ. ఇక్కడ అది కుదరదు, పాతదీ కొత్తదీ రెండూ లోడవుతాయి. వెర్షన్ నంబరు కోడ్ లోపలే రాయండి.