గృహారోగ్యము: “కొంచెమే గదా!”

మా కార్యాలయమునకు వచ్చు జాబులలో కడుపు బాధలను గూర్చినవి యెన్నడును తక్కువ గావు. అజీర్ణమని యొకరు, పైత్యమని యొకరు, వాతమని యొకరు వ్రాయుదురు. పేరేదైనను ప్రశ్న యొక్కటియే: ఏమి తినవలెను, ఏమి మానవలెను? ఈ మాసము మా చేతికి వచ్చిన జాబొకటి మాత్రము అట్టిది కాదు. ఏమి మానవలెనో ఆ సోదరి చక్కగా నెఱుగును. నలుగురిలో నుండి మానుట యెట్లో యామెకు దోచకున్నది.

ఆమెకు వివాహమై రెండేండ్లయినది. చిన్ననాటనుండియు కడుపుబ్బరము, తఱచు విరేచనములు. ఎన్ని యినుము మాత్రలు మ్రింగినను ఒంటికి రక్తము పట్టదు. కడపట నొక వైద్యుడు రక్తపరీక్ష చేయించి, నోటిద్వారా గొట్టము పంపి చిన్న ప్రేగునుండి చిన్న తునుకలు తీయించి చూచి, ఇది సీలియాక్ వ్యాధి యని తేల్చెను. గోధుమ, బార్లీ, రై అను మూడు ధాన్యములను, వానితో జేసిన యే పదార్థమును జీవితాంతము ముట్టరాదని చెప్పెను. “మా యత్తగారు చెడ్డవారు కారు. మనము తినునది అన్నమే గదా, నీకేమి కష్టమందురు. పండుగనాడు మాత్రము కొంచెమే గదా, తినవమ్మా యని బొబ్బట్టు చేతిలో బెట్టుదురు. తినకున్న నొచ్చుకొందురు. తింటినా, రెండు మూడు దినములు లేవలేను” అని యామె వ్రాసినది.

ఈ “కొంచెమే గదా” యను మాటను గూర్చియే యీ మాసము వ్రాయదలచితిమి. అది కోపముతో అన్న మాట కాదు, ప్రేమతో అన్న మాట. కోపమునకైన ఎదురాడవచ్చును, ప్రేమకు ఎదురాడుట మన యిండ్లలోని కోడలికి ఎంత కష్టమో మేము వేఱుగ చెప్పనక్కఱలేదు.

గోధుమపిండిని తడిపి పిసికినపుడు అది బంకవలె సాగును గదా. ఆ సాగుడు గుణము నిచ్చునది గ్లూటెన్ అను మాంసకృత్తు. బొబ్బట్టుపై మైదా తోపు చిరుగక పలుచగా సాగుట దాని చలవయే. పుట్టుకతో కొన్ని జన్యువులు గలవారిలో కొందఱకు శరీరము ఈ గ్లూటెన్‌ను శత్రువుగా నెంచి, దానితో పోరుటలో తన చిన్న ప్రేగునే గాయపఱచుకొనును. ప్రేగు లోపలి తట్టున మకమలు గుడ్డపై నూగువలె సన్నని మొలక లుండును. తిన్న యన్నములోని సారమును పీల్చునవి యవియే. ఈ వ్యాధిలో ఆ నూగు అరిగి చదునగును. అప్పుడు ఎంత తినినను ఇనుము పట్టదు, సున్నము పట్టదు. పిల్లలు ఎదుగరు, పెద్దలకు ఎముకలు గుల్లబాఱును, కొందఱు స్త్రీలకు సంతానము ఆలస్యమగును. అజీర్ణ మను పేరు దీనికి చాలదు. కొందఱిలో కడుపు నొప్పియే యుండదు. తగ్గని రక్తహీనత యొక్కటియే దాని జాడ.

దీనికి మందు లేదు. పథ్యమే మందు. ఈ సంగతి తెలియుటకు లోకమునకు చాల కాలము పట్టినది. 1888లో లండను వైద్యుడు సామ్యుయెల్ గీ యీ వ్యాధి లక్షణములను చక్కగా వర్ణించి, నయమగుటయే కలిగినచో అది ఆహారము మార్చుటచేతనే కావలెనని చెప్పెను గాని, ఏ యాహారమో చెప్పజాలకపోయెను. తరువాత కొందఱు పిల్లలకు అరటిపండ్లు పెట్టి చూచిరి. హాలెండు దేశమున ది హేగ్ నగరమందు విల్లెం కారెల్ డికే యను పిల్లల వైద్యునకు 1930ల నాటికే గోధుమపై ననుమానము గలిగెను. యుద్ధకాలమున, 1944–45 చలికాలమందు, ఆ దేశమున ఘోరమైన కఱవు వచ్చి జనులు తులిపు దుంపలు దినవలసిన గతి పట్టెను. రొట్టె కఱవైన ఆ దినములు డికే యనుమానమును బలపఱచినవి. లోకమంతయు ఆకలితో కృశించుచుండగా ఈ రోగము గల బిడ్డలు తేఱుకొనుటయు, రొట్టె మరల వచ్చినంతనే మరల జబ్బుపడుటయు నాతని కథలో ముఖ్యఘట్టముగా నేటికిని చెప్పుకొందురు. 1950లో యూట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన గ్రంథమున నాతడు గోధుమయే కారణమని నిరూపించెను.

మన దేశమున 2016లో ప్రకటింపబడిన యొక పరిశోధన ప్రకారము ఈ వ్యాధి ఉత్తరాదిని నూటికి ఒకరికి మించి యుండగా, దక్షిణాదిని వేయింటికి ఒకరికి మాత్రమే కానవచ్చినది. జన్యువులలో పెద్ద భేదము లేదు. భేదమంతయు గోధుమ వాడుకలోనే. చపాతీ, బ్రెడ్డు, బిస్కత్తు మన యిండ్లలో నానాటికి పెరుగుచున్నవి గనుక వేయింటికి ఒకరను లెక్కను చూచి మన జోలికి రాదని యూరకుండరాదు. అరుదగుటచేత మఱియొక చిక్కు గలదు: చుట్టుప్రక్కల నెవ్వరును ఈ పేరు వినియుండరు. విననిదానిని జనులు నమ్మరు. పైగా నేడు పలుచబడుటకై గోధుమ మానుట యొక వేడుకయైనది. ఆ వేడుక మూలమున నిజమైన రోగి చెప్పు మాటయు వేడుకగానే వినబడుచున్నది. ఇది మాకు మిక్కిలి విచారము గొల్పుచున్నది.

అత్తగారు అన్నట్లు అన్నము తినువారికి ఈ పథ్యము సులభమే. వరి, జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱ, సామ, కందిపప్పు, పెసరపప్పు, మినుములు, కూరగాయలు, పాలు, పెరుగు, గ్రుడ్లు, మాంసము, చేపలు – వీనిలో దేనియందును గ్లూటెన్ లేదు. ఇడ్లీ, గారె, పెసరట్టు, పులిహోర, దద్ధ్యోదనము, రాయలసీమ రాగిసంకటి, తెలంగాణపు జొన్నరొట్టె, సర్వపిండి, సకినాలు అన్నియు నిర్భయముగా తినవచ్చును. కష్టము వంటకములలో లేదు; వంటింటి మూలలలో నున్నది.

మొదట ఇంగువ. బజారులో డబ్బాలలో అమ్ము పొడి ఇంగువ కేవలము ఇంగువ కాదు. ఘాటు తగ్గించి పొడిగా నిలుచుటకై అందు పిండి కలుపుదురు. ఆ పిండి పెక్కు రకములలో గోధుమపిండియో మైదాయో అయియుండును. చారులో చిటికెడు వేయగా ఏమగునని గృహిణి తలంచును. ప్రతిదినమును రెండు పూటల ఆ చిటికెడు పడుచునే యుండును. డబ్బాపై వ్రాసినది చదివి, బియ్యపు పిండితో జేసినది తెప్పించుకొనవచ్చును. అట్టిది దొరకనిచో ఇంగువ లేని పోపే మేలు.

తరువాత పిండిమర. మనము బియ్యము కడిగి, ఆఱబోసి, శుచిగా మరకు పంపుదుము. మనకు ముందు ఎవరో గోధుమలు ఆడించి యుందురు. ఆ మరలో మిగిలిన పిండి మన బియ్యపు పిండిలో కలిసి వచ్చును. అరిసెలకైనను, జంతికలకైనను పిండి ఇంటనే మిక్సీలోగాని తిరగలిలోగాని పట్టుకొనుట మంచిది. జొన్నపిండి, శెనగపిండి కూడ నంతే. ఇంటిలోని మిక్కిలి చిన్న వస్తువులలో జల్లెడ అన్నిటికంటె ప్రమాదకరము. మైదా జల్లించిన జల్లెడ నెంత దులిపినను దాని కన్నులలో పిండి నిలుచును. ఆమెకై వేఱొక జల్లెడ, వేఱొక పెనము, ఒక గరిటె, ఒక అప్పడాల కఱ్ఱ ఉంచిన చాలును. పూరీలు వేచిన నూనెలో గారెలు వేయరాదు. గారెలు ముందు వేచి పూరీలు తరువాత వేచుకొన్నచో ఏ నష్టమును లేదు, నూనెయు వృథా కాదు. వరుస మార్చుటయే గదా!

ఇంక మంచి యుద్దేశముతో జేయు పొరపాట్లు. రోగికి బలమని బార్లీ గంజి కాచి యిత్తుము. బార్లీ ఈమెకు విషము. పాలలో కలుపు మాల్టు పొడులు పెక్కు బార్లీతో జేసినవే. సేమ్యా పాయసము, బొంబాయి రవ్వ ఉప్మా, రవ్వ కేసరి, కజ్జికాయలు, కాకినాడ కాజా, మైసూరు బజ్జీ, హైదరాబాదు హలీము – ఇవి గోధుమ సంతతివే. హోటలులో పెసరట్టు మంచిదని కోరినచో దాని లోపల ఉప్మా పెట్టి తెత్తురు. ఓట్లు స్వతహాగ పెక్కుమందికి హాని చేయవుగాని, వానిలో గోధుమ కలియుట సామాన్యము. వైద్యునడిగి గాని తినరాదు.

“ఇంత సూక్ష్మముగా చూడవలెనా?” యని యడుగువారికి లెక్క చెప్పెదము. ఈ వ్యాధి గలవారిలో పెక్కుమంది దినమునకు 10 మిల్లీగ్రాముల గ్లూటెన్ వఱకు హాని లేక ఓర్చుకొందురని వైద్యుల యంచనా. ఒక బ్రెడ్డు ముక్కలో సుమారు 2 గ్రాము లుండును. అనగా ఆ ముక్కను 200 తునుకలు చేసినచో అందొక తునుక యే హద్దు. అది కంచములో రాలిన పొడియంత. గ్లూటెన్ లేదని ముద్రించి అమ్ము పదార్థములందు సైతము కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి యుండరాదని మన దేశమునను ఇతర దేశములందును నియమ మున్నది. బొబ్బట్టులో సగమైనను, అందు సగమైనను ఈ హద్దునకు ఎన్నో రెట్లు పైన నుండును. ఇంకొక మాట: తినిన నాడు నొప్పి రాకపోవచ్చును. నొప్పి రాలేదు గనుక ప్రేగు చెడలేదనుకొనుట పొరపాటు.

ప్రసాదము సంగతి యడుగువారు చాలమంది యుందురు. అన్నవరము సత్యనారాయణస్వామివారి ప్రసాదము గోధుమనూకతో జేయుదురు. ఇండ్లలో వ్రతమునాడు చేయునదియు తఱచు అట్టిదే. మన పెద్దలలో ఉపవాసమున్నవారు ప్రసాదమును కన్నులకద్దుకొని ప్రక్కవారి కిచ్చుట మనమెఱుగనిది కాదు. ఈమెయు నట్లే చేయవచ్చును. దానికి దోషము గల్పించు పురోహితుని మేమింతవఱకు చూడలేదు. దేవునికి నివేదించు వేళనే ఒక గిన్నెలో బెల్లపు పరమాన్నము కూడ ఉంచిన నింకను మంచిది.

అత్తగార్లతో మేమొక్కమాట చెప్పదలచితిమి. మీ కోడలు కాదనునది మీ చేతివంటను కాదు. పూర్ణము మీదే, బెల్లము, శెనగపప్పు, యాలకులు మీవే. పై మైదా తోపు మాని, బియ్యము మినపప్పు రుబ్బిన పిండిలో ముంచి వేచినచో అది పూర్ణపు బూరె యగును. పండుగకు బూరెలే ముందు, క్రొత్త నూనెలో వేచుడు. సున్నుండలు, అరిసెలు, ఆత్రేయపురపు పూతరేకులు ఉండనే యున్నవి. బంధువులలోనికి వెళ్లినపుడు “మా అమ్మాయికి గోధుమ పనికిరాదు, వైద్యులు వద్దన్నారు” అను మాట కోడలు చెప్పిన పెంకితనముగా దోచును. అదే మాట మీరు చెప్పినచో వియ్యపురాలైనను, ఆడుబిడ్డయైనను రెండవమా రడుగరు. ఈ పథ్యములో సగము భారము మీ నోటి మాటతో తీఱును.

పథ్యము మొదలిడిన తొలి నెలలలో కొందఱకు పాలు కూడ పడవు. నూగు అరిగిన ప్రేగు పాలలోని చక్కెరను జీర్ణింపజాలదు. ప్రేగు మానినకొలది అది తిరిగి పడును. అంతవఱకు పెరుగు, మజ్జిగ వాడుకొనవచ్చును. తెల్లని అన్నమొక్కటియే మూడుపూటల తినుటయు మంచిది కాదు. రాగి, జొన్న, ఆకుకూరలు, పప్పులు కలుపుకొననిచో మలబద్ధమును, మరల రక్తహీనతయు తప్పవు. అంగడిలో అమ్ము ఖరీదైన గ్లూటెన్ లేని బిస్కత్తులలో పిండి, చక్కెర, క్రొవ్వు తప్ప పెద్ద బలము లేదు. వానికై సొమ్ము వెచ్చించుట మాకు సమ్మతము గాదు. కడుపు కొలది వారములలో నెమ్మదించినను పెద్దవారి ప్రేగు పూర్తిగా మానుటకు ఏడాదియో, రెండేండ్లో పట్టును గనుక, బాగున్నదని నడుమ సడలింపరాదు. రక్తపరీక్షలు వైద్యుడు చెప్పిన గడువులకు చేయించుకొనుచుండవలెను.

ఇది చదివి, మాకును కడుపుబ్బరమున్నది గనుక రేపటినుండియే గోధుమ మానెదమని తలంచు సోదరీమణులు తొందరపడవలదు. గోధుమ మానిన తరువాత పరీక్ష చేసినచో వ్యాధి యున్నను లేనట్లే కనబడవచ్చును. ముందు పరీక్ష, తరువాత పథ్యము. మఱియు నీ వ్యాధి తేలినవారి తల్లిదండ్రులలో, తోబుట్టువులలో, బిడ్డలలో సుమారు పదింట ఒకరికి ఇది యుండవచ్చును. తల్లికి గాని చెల్లెలికి గాని ఏండ్ల తరబడి రక్తము పట్టకున్నచో, కడుపు నొప్పి లేకున్నను వారికి ఆ రక్తపరీక్ష చేయింపవలెను. అది యగువఱకు వారు చపాతీలు మానకుండ జూడవలెను.